నానా గారి మూడు ఫ్యాన్ల కార్డు

ఎసుబోన్ నానా ఆ పూట భోజనం కాకముందే నాలుగుసార్లు చచ్చిపోయాడు.

ఆ మాట ఎసుబోన్‌లో ఎవరూ పైకి అనరు. నానా అంటే ఆ ఊరి రాజు, పీఠం మీదున్న నానా చచ్చిపోయాడనడం మహాపరాధం. నిజంగా పోయినా సరే, "నానా పల్లెకు వెళ్ళారు" అనే అనాలి. అందుకని కంప్యూటర్ ఆటలో నానా తూటా తగిలి నేలకొరిగిన ప్రతిసారీ, గోడవారగా కూర్చున్న ఊరి పెద్దలు తలలు దించుకుని, "పాపం, నానా మళ్ళీ పల్లెకు వెళ్ళారు" అని గొణుక్కునేవారు. ఈమధ్య నానాకి పల్లె ప్రయాణాలు మరీ ఎక్కువయ్యాయి.

నానా పక్కనే, బంగారు రేకు తొడిగిన చేతికర్రను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్స్ తగిలించుకుని ఒచామె ఫ్రింపోంగ్ కూర్చున్నాడు. ఒచామె అంటే నానాకి నోరు, నానాకి చెవి. నానాతో ఎవరూ నేరుగా మాట్లాడకూడదు, నానా కూడా బయటివాళ్ళతో నేరుగా మాట్లాడకూడదు. మధ్యలో ఒచామె ఉండాలి. వచ్చిన మాటను కడిగి, తుడిచి, రాజు చెవికి తగ్గట్టు ముస్తాబు చేసి అందించాలి. ఫ్రింపోంగ్ ఆ పనిలో ముగ్గురు నానాలను చూశాడు. చుట్టుపక్కల ఊళ్ళలో అతనిలా మాట్లాడగలవాడు లేడని అందరూ అంటారు. అందరికంటే ముందు అతనే అంటాడు.

ఇప్పటి నానా కుర్రవాడు, ఫ్రింపోంగ్ భుజాలెక్కి ఆడుకుంటూ పెరిగినవాడు. పీఠం ఎక్కకముందు డెజ్మండ్ అని పేరు, కుమాసీలో బ్యాంకు ఉద్యోగం, సెలవు దొరికితే చాలు కంప్యూటర్ ముందు కూర్చుని తుపాకీ ఆట. పీఠం ఎక్కాక ఉద్యోగం పోయింది, పేరూ పోయింది. ఎసుబోన్‌లో రాజు పాత పేరును పాతిపెట్టేస్తారు, మళ్ళీ ఎవరూ తలవకూడదు. ఆట మాత్రం పోలేదు. రాజన్నవాడికి యుద్ధమంటే సరదా ఉండాల్సిందేనని పెద్దలు ఒప్పుకున్నారు. ఒక్క షరతు పెట్టారు. కంప్యూటర్‌లోంచి మాట్లాడినా మనిషి మనిషే, నానా నానాయే, కనుక ఆ మాటలు కూడా ఒచామె ద్వారానే రావాలి.

నానాకి ఆటలో జోడీ యావ్ బెడియాకో. కాలేజీ నాటి స్నేహితుడు, ఇప్పుడు తకొరాడీలో లెక్కల మాస్టారు. అక్కణ్ణుంచి మైకులో అరుస్తాడు.

"ఎడమపక్క మెట్ల కింద ఒకడున్నాడ్రా, చూస్కో!"

ఫ్రింపోంగ్ గొంతు సవరించుకుంటాడు. "ఎసుబోన్ నేలకు నీడనిచ్చే మహావృక్షమా, ఏనుగులు సైతం దారి తొలగే వీరుడా, తకొరాడీ నుంచి బెడియాకో తమ పాదాలకు మొక్కి విన్నవించుకుంటున్నాడు. తమ ఎడమ చేతి వైపు, ఆ చేయి ఎల్లకాలం చల్లగా ఉండుగాక, మెట్లు అనబడేవి కొన్ని ఉన్నవట. ఆ మెట్ల కింద..."

ఢాం. నానా పల్లెకు వెళ్ళాడు.

"ఈ కార్డుతో ఇక నావల్ల కాదు!" నానా మౌస్‌ను బల్ల మీద విసిరికొట్టాడు. "ఒచామె, పెద్దలకు చెప్పు. ఈ తెర సెకనుకి రెండొందల నలభై బొమ్మలు చూపించగలదు. లోపలున్న గ్రాఫిక్స్ కార్డేమో ముక్కుతూ మూలుగుతూ యాభై గీసిస్తోంది. వాడు కదిలిన సంగతి నాకు కనబడేసరికే వాడు కాల్చేసి చక్కా పోతున్నాడు."

పెద్దలు నాలుగడుగుల దూరంలోనే ఉన్నారు, అంతా విన్నారు. అయినా విననట్టు మొహాలు పెట్టి, ఫ్రింపోంగ్ చెప్పేదాకా ఆగారు. ఫ్రింపోంగ్ చెప్పాడు. అందులో ఒక సింహం, రెండు నదులు, నానా ముత్తాత చేసిన ఒక యుద్ధం వచ్చి చేరాయి. చివర్లో కార్డు కూడా వచ్చింది. పెద్దలు తలలూపారు. ఆలస్యం ఎక్కడుందో ఆ గదిలో ఒక్కరికీ తట్టలేదు. ఫ్రింపోంగ్‌కి అసలే తట్టలేదు. తను ఇంత అందంగా చెబుతున్నా గెలిపించలేని ఆ దిక్కుమాలిన కార్డు మీద అతనికి ఒళ్ళు మండిపోతోంది.

ఉత్త ఆటే అయితే అంత మండేది కాదు. ఈసారి పందెం వంతెన. ఎసుబోన్‌కీ పక్క ఊరు అన్వియాసోకీ కలిపి ఏటి మీద ఉన్నది ఒక్కటే వంతెన, ఒక్క పల్లకీ పట్టేంత వెడల్పు. కొత్త యామ్ దుంపల పండుగనాడు రెండూళ్ళ నానాలూ ఊరేగింపుగా అవతలి గట్టు మీది మైదానానికి వెళ్ళాలి. ముందు నడిచేది పెద్ద పీఠం. రెండో ఊరు, మొదటి ఊరి చిట్టచివరి మనిషి అవతల దిగేదాకా, గొడుగులు ముడుచుకుని, డప్పులు ఆపుకుని ఎండలో నిలబడాలి. మా పీఠం పెద్దదంటే మాది పెద్దదని కోర్టులో కేసు ఏళ్ళ తరబడి నడుస్తోంది. తీర్పు వచ్చేదాకా అన్వియాసో వాళ్ళనే ముందు నడవమని పోయిన ఏడు కోర్టు చెప్పింది. వాళ్ళెంత తీరిగ్గా నడిచారంటే, ఆడవాళ్ళు వంతెన మధ్యలో ఆగి తలగుడ్డలు విప్పి మళ్ళీ కట్టుకున్నారు. ఎసుబోన్ తరఫున అందరికంటే ముందు, కర్ర పట్టుకుని, మాడు పగిలే ఎండలో నిలబడ్డవాడు ఫ్రింపోంగ్. మళ్ళీ ఇంకోసారి అలా నిలబడాల్సొస్తే తను బతికున్నా లేనట్టేనని అతను ఆ రోజే అనుకున్నాడు.

అన్వియాసో నానా బ్రోబె కూడా కుర్రవాడే. ఇద్దరు నానాలూ ఒకే కాలేజీలో ఒకే ఆట ఆడినవాళ్ళు. లాయర్లను మేపడం మానేసి ఆటలో తేల్చుకుందామని ఇద్దరూ మాట అనుకున్నారు. చెరో జోడీ, గెలిచిన ఊరిది ముందు నడక. ఆ ఒప్పందం మీద సంతకాల తడి ఆరకముందే, అన్వియాసో కోటలోకి రెండు ఫ్యాన్ల కొత్త కార్డు దిగిందని వార్త వచ్చింది.

"అయితే మనమూ కొందాం," అన్నాడు కొంటిహేనె. ఆయన ఊరి సేనాపతి. నానా తర్వాత నానా అంతటివాడు, కోపంలో నానా కంటే పైవాడు. "కొందాం గానీ, రాజుగారి పెట్టెలో కూర్చోబోయేదాన్ని సంతలో టమాటాలు ఏరినట్టు ఏరుకొస్తామా? పీఠానికి మనిషిని ఎలా ఎంచుతామో అలాగే ఎంచాలి."

అది పద్ధతిగా ఉందని అందరికీ అనిపించింది. పీఠానికి మనిషిని ఎంచాలంటే రాజమాత పేరు చెప్పాలి, పెద్దలు పరీక్షించాలి, నచ్చకపోతే కాదనాలి, రాజమాత ఇంకో పేరు చెప్పాలి. రాజమాత నానా అచియా, ఆమెదీ అదే బిరుదు, మన నానాకి పెద్దమ్మ, ఊళ్ళో బట్టల కొట్టు నడుపుతుంది. "నాకేం తెలుసర్రా వీటి సంగతి? గజాల్లో కొలిచేదైతే చెబుదును," అంది. కాసేపాలోచించి, కుమాసీ అడుమ్ బజార్లో కంప్యూటర్ సామాన్లమ్మే మేడమ్ కొనాడుని, మంచివి మూడు పట్టుకుని రమ్మని కబురుపెట్టింది.

మేడమ్ కొనాడు మూడు పెట్టెలు చంకన పెట్టుకుని వచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, లోపలికొచ్చి, నేరుగా కంప్యూటర్ వైపు నడిచింది.

"నానా, మీ తెర ఏ సైజు? పెట్టెలో చోటెంత..."

బంగారు కర్ర ఆమె ముందు అడ్డంగా వాలింది. "నాతో చెప్పమ్మా," అన్నాడు ఫ్రింపోంగ్.

"మీరు కూడా ఆడతారా?"

"ఆడను."

"మరి మీతో ఏం చెప్పను?"

"నాతో చెబితే నానాతో చెప్పినట్టు."

"ఆయన ఇక్కడే ఉన్నారు కదండీ! నన్నే చూస్తున్నారు!"

"ఉన్నారు. చూస్తున్నారు. నువ్వు నాతో చెప్పు."

మేడమ్ కొనాడు ఒక నిట్టూర్పు విడిచి మొదటి పెట్టె తెరిచింది. రాజమాత లేచి, "ఎసుబోన్ పెద్దలారా, ఇదిగో నేను నిలబెడుతున్న బిడ్డ," అంది. అనాల్సిన మాట అదే కనుక అంది. కొంటిహేనె కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"ఎవరి పిల్ల ఇది?"

"ఎర్ర కంపెనీదండీ."

"అది తండ్రి పేరు. పీఠం దిగేది తల్లి తరఫున, మాకు అది కావాలి."

"తల్లి తరఫంటే..." మేడమ్ కొనాడు తడబడింది. "చిప్పు తైవాన్‌లో పుట్టింది."

"దూరం సంబంధం. ఇంతకుముందు ఎక్కడైనా పనిచేసిందా?"

"ఓ ఏడాది. కంప్యూటర్‌లో నాణేలు తవ్వుతారే, వాళ్ళ దగ్గర. ఇప్పటికీ గుర్రంలా ఉంది."

పెద్దల్లో కలకలం రేగింది. దొంగ గనులు తవ్వి ఏరు బురద చేసినవాళ్ళ మీద ఆ ఊరివాళ్ళకి ఎంత కసో చెప్పక్కర్లేదు. ఆ తవ్వకం వేరు, ఇది కరెంటుతో చేసేదని మేడమ్ కొనాడు మొత్తుకుంది. తవ్వకం తవ్వకమే అన్నారు. పైగా ఒక ఫ్యాన్ రెక్క కొస విరిగి ఉంది. అవయవలోపం ఉన్నవాణ్ణి పీఠం ఎక్కించరు. మొదటి బిడ్డ పెట్టెలోకి తిరిగి వెళ్ళింది.

రెండోది తీస్తుంటే మేడమ్ కొనాడు మొహం వెలిగింది. "నిజం చెప్పాలంటే మీకు కావాల్సింది ఇదేనండీ. ఈ ఆట చాలా తేలికైంది. రెండొందల నలభై బొమ్మలూ ఇది హాయిగా గీసేస్తుంది. కరెంటు తక్కువ తింటుంది, చప్పుడు చెయ్యదు, మీ పెట్టెలో సుబ్బరంగా పడుతుంది. ఇంతకంటే పెద్దది కొంటే మీరు చూడలేని బొమ్మల కోసం డబ్బు తగలేసినట్టే."

నానా కళ్ళు దాని మీదే ఉన్నాయి. చెయ్యి కొద్దిగా ముందుకు కూడా వచ్చింది.

"ఫ్యాన్లెన్ని?" అన్నాడు కొంటిహేనె.

"రెండు."

"అన్వియాసోవాడి కార్డుకి?"

ఎవరో గొణిగారు. "రెండే."

"మన నానా నడిస్తే పైన మూడు గొడుగులు. బ్రోబె నడిస్తే రెండు. ఇవాళ ఫ్యాన్లు సమానమని ఒప్పుకుంటే, రేపు గొడుగులు సమానమంటారు, ఎల్లుండి మనల్ని వాళ్ళ మేకలు కాయమంటారు."

"అయ్యా, ఫ్యాన్లు వేడి పోవడానికండీ! గౌరవానికి కాదు!"

"గొడుగు దేనికమ్మా? అదీ వేడి పోవడానికే."

మేడమ్ కొనాడు నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఫ్రింపోంగ్ ఆమె మౌనాన్ని కూడా ముస్తాబు చేసి నానాకి విన్నవించాడు. నానా చెయ్యి వెనక్కి వెళ్ళింది.

మూడోది తియ్యడానికే ఇద్దరు పట్టాల్సొచ్చింది. ఇటుకంత మందం, చేతికర్రలో సగం పొడుగు, మూడు ఫ్యాన్లు. పెద్దలు దాన్ని చూడగానే లేచి నిలబడ్డారు. ఒక్కటే చిక్కు. అట్టపెట్టె మీది బొమ్మలో దాని దీపం ఎర్రగా ఉంది, ఎరుపు చావింటి రంగు. రంగు మార్చొచ్చు, పండుగనాటి తెలుపు పెట్టొచ్చు అని మేడమ్ కొనాడు చెప్పాక అదీ తీరిపోయింది. పూర్వీకులకు మందు వారపోయడానికి కొంటిహేనె సీసా మూత తీసి కార్డు మీదికి వంచేసరికి, ఆమె కెవ్వుమని దాన్ని గుండెలకు హత్తుకుంది. మందు గుమ్మం మీద పోశారు. కొత్తగా పీఠమెక్కేవాళ్ళు ప్రమాణం చెయ్యాలి, కార్డుకి నోరు లేదు, అందుకని మేడమ్ కొనాడు చేతనే చేయించారు. ఎండలో పిలిచినా వానలో పిలిచినా, జబ్బుతో ఉంటే తప్ప, పలుకుతానని ఆమె కార్డు తరఫున చెయ్యెత్తి చెప్పింది. ఏ కంపెనీ అయినా ఇచ్చే గ్యారంటీ కంటే అది చాలా పెద్దది.

కార్డు పెట్టెలో పట్టలేదు. వడ్రంగి చేత ఒడుమ్ చెక్కతో కొత్త పెట్టె చేయించి, మీద ఏనుగును చెక్కించారు. మీట నొక్కగానే కోటంతా చీకటైంది. కరెంటు సరఫరా చేసే పాత డబ్బా తీసేసి పెద్దది పెట్టారు. ఆపైన తెర మూలన రెండొందల నలభై అని అంకె వెలిగింది. ఆట నీళ్ళమీద నూనెలా జారుతోంది. పెద్దలు చప్పట్లు కొట్టారు. ఫ్రింపోంగ్ కళ్ళు చెమర్చాయి, వంతెన అప్పుడే దాటేసినట్టనిపించింది.

"కుడిపక్క కిటికీ!" అని అరిచాడు తకొరాడీ నుంచి బెడియాకో.

"ఎసుబోన్ నేలకు నీడనిచ్చే మహావృక్షమా..."

ఢాం.

మళ్ళీ ఆడారు. ఢాం. ఇంకోసారి ఆడారు. వెనక నిలబడి చూస్తున్న మేడమ్ కొనాడు మొదట తెర చూసింది, తర్వాత అంకె చూసింది, ఆ తర్వాత ఫ్రింపోంగ్ నోరు చూసింది. చేత్తో తల పట్టుకుంది.

"ఒచామె గారూ, నేనొక మాట చెబుతా, నానాకి చెబుతారా?"

"చెప్పడమేనమ్మా నా పని."

"కార్డుదేం తప్పు లేదు. పాత కార్డుకి కూడా పెద్ద తప్పు లేదు. ఆలస్యమంతా మీ నోట్లో ఉంది."

ఒచామె కర్ర పట్టిన రోజున చేసే ప్రమాణం ఒకటుంది. విన్న మాటకు నగలు పెట్టొచ్చు గానీ దాన్ని దాచకూడదు. ఫ్రింపోంగ్ నానా వైపు తిరిగాడు.

"మహావృక్షమా, ఏనుగులు సైతం దారి తొలగే వీరుడా, కుమాసీ నుంచి వచ్చిన ఈ తల్లి విన్నవించుకుంటోంది. తమ కార్డు మెరుపుకంటే వేగమట. తమ తెర గాలికంటే వేగమట. తమ వేలు తాచుకంటే వేగమట. ఆలస్యమనేది..." అతను చేతిలోని కర్ర కేసి చూశాడు. "ఆలస్యమనేది తమ ముసలి ఒచామె నోట్లో కాపురముందట."

కొంటిహేనె అంతెత్తున లేచాడు. రాజు చెవికి పచ్చిమాట వెళ్ళాలా? ఇంకో ఫ్యాన్ పెట్టించండి, మాట తగ్గించేది లేదు అన్నాడు. మేడమ్ కొనాడు మీద జరిమానా వేద్దామన్నారు గానీ, ప్రమాణం చేసింది ఆమే కనుక కార్డు చెడితే బాగుచెయ్యాల్సిందీ ఆమేనని గుర్తొచ్చి ఊరుకున్నారు. అందరూ వెళ్ళిపోయాక నానా, తెర వైపే చూస్తూ, మెల్లగా అన్నాడు. "ఆచారం మార్చమని నేనడగలేను ఒచామె. అడిగితే పందెం దాకా కూడా ఉంచరు, పీఠం మీంచి దింపేస్తారు."

ఫ్రింపోంగ్ ఇంటికెళ్ళి అన్నం ముట్టలేదు. మాటను కాస్త కుదించుదామని పెరట్లో కూర్చుని ప్రయత్నించాడు. మహావృక్షాన్ని తీసేస్తే ఏనుగులు వెలవెలబోతున్నాయి. ఏనుగులను తీసేస్తే చెయ్యి చల్లగా ఉండాలన్న దీవెన ఎక్కడ నిలబడాలో తెలియడం లేదు. ఏది తీసినా తన ఒంట్లో ఎముక తీసినట్టుంది.

భార్య అఫ్రియే ఫూఫూ ముద్దల కోసం ఉడికిన దుంపలు దంచుతూ వింటోంది. "నీకు పొట్టిగా మాట్లాడ్డం రాదని ఎవరన్నారయ్యా?"

"రాదే. అది నా నోటికి లేదు."

"కాపురానికొచ్చినప్పట్నుంచీ నాతో 'నీళ్ళు', 'కూడు', 'దీపం ఆర్పు' తప్ప ఏమన్నావ్? ఏనాడన్నా నాకో చెట్టు పెట్టావా, ఏనుగు పెట్టావా?"

ఫ్రింపోంగ్, నువ్వు ఇంటిదానివి కదే, నీకు నగలెందుకు అనబోయి, రోకలి చూసి మానేశాడు.

పందెం రోజు వంతెన పక్కనున్న బడిలో పెద్ద గది. అటు చివర బ్రోబె, ఇటు చివర నానా. రెండూళ్ళ జనం కిటికీల దాకా కిక్కిరిసిపోయారు. బ్రోబె పక్కన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నవాణ్ణి చూసి ఫ్రింపోంగ్ గతుక్కుమన్నాడు. అన్వియాసో ఒచామె తబిరి. వాళ్ళకీ అదే ఆచారం మరి.

అంత వింత ఆట ఆ దేశంలో ఎవరూ చూసి ఉండరు. రెండు యంత్రాలూ సెకనుకి వందల బొమ్మలు గీస్తున్నాయి. ఆ బొమ్మల్లో ఇద్దరు రాజులు తుపాకులు పట్టుకుని, కదలకుండా, తమ తమ ఒచామెలు వాక్యం పూర్తి చేసేదాకా నిలబడుతున్నారు. తబిరి ఒక్క తలుపు గురించి చెప్పడానికి అన్వియాసో పుట్టుక నుంచి ఎత్తుకున్నాడు. అది వింటూ ఫ్రింపోంగ్, శత్రువైనా, లోలోపల సెబాసన్నాడు. ఒక ఢాం అటు, ఒక ఢాం ఇటు. చివరికి ఆటలు సమానమై ఆఖరి ఆట మిగిలింది. అందులో రెండువైపులా జోడీలు పడిపోయి, నానా, బ్రోబె ఇద్దరే మిగిలారు.

పడిపోయినా బెడియాకో చూడగలడు, మాట్లాడగలడు. నానా మెట్లకేసి గురిపెట్టి కాచుకుని ఉన్నాడు.

"వెనకరా! వెనకున్నాడు, వెనక!"

ఫ్రింపోంగ్ నోరు తెరిచాడు. "ఎసు..." అన్నాడు. అంతలో నానా మెడ వెనక భాగం అతని కంట పడింది. పీఠం, పట్టు, బంగారం ఏమీ లేని వట్టి మెడ, లారీ వస్తున్న సంగతి తెలియకుండా రోడ్డు మీద నిలబడ్డ పిల్లవాడి మెడ. ఫ్రింపోంగ్ గుండె నోట్లోకొచ్చింది. దానికి ముస్తాబు చేసే తీరిక దొరకలేదు.

"డెజ్మండ్! వెనక!"

నానా గిర్రున తిరిగి కాల్చాడు. బ్రోబె పల్లెకు వెళ్ళాడు.

ఎవరూ కేకలు వెయ్యలేదు. గెలిచినవాళ్ళూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. పాతిపెట్టిన పేరు, రెండూళ్ళ ముందు, అదీ ఒచామె నోట. ఫ్రింపోంగ్ తల దించుకున్నాడు. కానీ లోపల, ఎంత దాచుకున్నా దాగని సంతోషం ఉంది. బతికాడు, నా పిల్లవాడు బతికాడు అని ఒకటే కొట్టుకుంటోంది.

తబిరి లేచి బట్ట భుజం మీద సర్దుకున్నాడు. "పెద్దలారా, బట్టలు లేనివాణ్ణి సభలో లెక్కపెట్టరు. బట్టల్లేని మాటనూ లెక్కపెట్టరాదు. కనుక ఆ మాట అననట్టే. అనని మాటను ఎసుబోన్ నానా వినలేరు. వినలేదు కనుక వెనక్కి తిరగలేదు. తిరగలేదు కనుక, ఆయన ప్రస్తుతం..."

"ప్రస్తుతం ఏమిటి?" కొంటిహేనె పళ్ళు కొరికాడు. "అను. పల్లె గిల్లె అనకుండా పూర్తిగా అను. మా నానా ఏమైపోయారంటావ్?"

ఆ మాట అంటే తబిరికి కూడా జరిమానా తప్పదు. అతను మింగేశాడు. రెండూళ్ళ పెద్దలూ బడి వరండాలో కూర్చుని, ఆకలేసేదాకా వాదించుకుని, ఒక దారి కనిపెట్టారు. మాట జారింది, వెనక్కి రాదు. కానీ దానికి ఇప్పుడైనా బట్టలు తొడగొచ్చు. పండుగనాడు, వంతెన మొదట, రెండూళ్ళ ముందు, ఫ్రింపోంగ్ ఆ మాటను ఎలా చెప్పాల్సిందో అలా చెప్పాలి. అప్పుడే గెలుపు చెల్లుతుంది, అప్పుడే ఎసుబోన్ అడుగు కదుపుతుంది. పాత పేరు పలికిన పాపానికి జరిమానా ఒక గొర్రె.

"ఒక్క బిరుదు తగ్గినా చెల్లదు," అని తబిరి పట్టుబట్టాడు. "ఒక్క పూర్వీకుణ్ణి వదిలినా ఒప్పుకోం. మొత్తం చెప్పాలి."

"మొత్తం," అన్నారు అన్వియాసో పెద్దలంతా, బల్ల గుద్ది.

పండుగనాడు వంతెన మొదట ఎసుబోన్ నిలబడింది, నానా పల్లకీ మీద మూడు గొడుగులూ విప్పుకుని. దాని వెనక అన్వియాసో నిలబడింది, గొడుగులు ముడుచుకుని. ఫ్రింపోంగ్ కర్ర నేలకు తాటించి మొదలుపెట్టాడు. మహావృక్షం వచ్చింది, ఏనుగులు వచ్చాయి. ముత్తాత యుద్ధాలు ఒకదాని తర్వాత ఒకటి, చచ్చినవాళ్ళ పేర్లతో, వాళ్ళ గుర్రాల పేర్లతో వచ్చాయి. ఎండ నడినెత్తికెక్కింది. అన్వియాసో ఆడవాళ్ళు తలగుడ్డలు విప్పి మొహాలు తుడుచుకుంటున్నారు. బ్రోబె పల్లకీ మోసేవాళ్ళు భుజాలు మార్చుకుంటున్నారు. మొత్తం చెప్పమన్నది వాళ్ళే కనుక ఎవరూ నోరెత్తలేకపోయారు. తబిరి ఒక్కడే చెమటలు కక్కుతూ కూడా, మంచి పదం పడ్డప్పుడల్లా తల ఊపుతున్నాడు.

చెబుతున్నంతసేపూ ఫ్రింపోంగ్‌కి ఒకటే తెలుస్తోంది. ఇది క్షమాపణ అనుకుంటున్నారు అందరూ. తనకి మాత్రం ఆ రోజన్న దానికి రవ్వంత బాధ లేదు. జీవితమంతా రాజులతో మాట్లాడాడు, మనసులోంచి అన్నది ఆ ఒక్క మాట. ఇక మిగిలింది చివరి దీవెన, ఆ తర్వాత ఆ మాట. అతను గొంతు తగ్గించాడు. డప్పులవాళ్ళు కర్రలు ఎత్తి పట్టుకున్నారు.

అప్పుడు పల్లకీ కొంచెం పక్కకు ఒరిగింది. బంగారు కడియాల చెయ్యి ఒకటి అంచు పట్టుకుంది. నానా, తలపాగా సర్దుకుంటున్నట్టు వంగి, పీఠం ఎక్కాక మొట్టమొదటిసారి, చిన్నప్పుడు పిలిచినట్టు పిలిచాడు.

"మామయ్యా, ఇంకాస్త సాగదీయ్. వాళ్ళకేం తొందర?"

ఫ్రింపోంగ్ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ పైన ఊరు కట్టిన మొదటి తల్లి పేరెత్తి, మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాడు.